చుక్క ఆరిపోకుండా

జనవరి 8

బావా,

ఉత్తరమేమిటి, వీడికి పిచ్చి గానీ పట్టిందా అనుకోకు. మొన్న ఫోన్లో మనం ఏం మాట్లాడుకున్నామో ఒకసారి గుర్తు తెచ్చుకో. "ఆఁ" అన్నాను. "ఊఁ" అన్నావు. "ఇంకేంటి" అన్నాను. "ఏముంది" అన్నావు. ఆ తర్వాత ఇద్దరం ఫోను పెట్టేశాం. అక్క ఉన్నప్పుడు ఫోను తన చేతిలోనే ఉండేది. నువ్వన్నది నాకు, నేనన్నది నీకు చేరవేసేది, మధ్యలో తన సొంత మాటలు రెండు కలిపి మరీ. తను పోయాక గానీ తెలియలేదు, ఇన్నేళ్ళలో మనం నేరుగా మాట్లాడుకున్నది ఏమీ లేదని. కాగితం మీద "ఊఁ" అని రాసి ఊరుకోలేం కదా, అందుకని ఇది.

నా గది సంగతి నీకు తెలుసు. ఒక కిటికీ, మంచం, మంచం కంటే పెద్ద బల్ల. బల్ల మీద ఇప్పుడు మూడు కంప్యూటర్లు. మూడూ ఎవరో పారేసినవే. నేను లిఫ్టులు బాగుచేయడానికి వెళ్ళే ఆఫీసుల్లో పాతవాటిని మెట్ల కింద పడేస్తారు. అడిగితే "తీసుకుపో బాబూ, చోటు కలిసొస్తుంది" అంటారు. ఇంటికి తెచ్చి దుమ్ము దులిపి, ఒకదాని మెమొరీ పీకి ఇంకోదానికి పెట్టి, లినక్స్ ఎక్కిస్తాను. అది ఎవరికీ డబ్బు కట్టక్కర్లేని సిస్టం. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, నచ్చనిది మార్చుకోవచ్చు. మనుషుల దగ్గర ఆ సౌకర్యం లేదు.

అక్క కంప్యూటరు కూడా అలా నా చేతిలో బతికి బట్టకట్టిందే. నీ పడగ్గదిలో ఉన్న దాన్ని, నా బల్ల మీదున్నవాటిని కలుపుతూ ఇంటర్నెట్టు మీదుగా సొంత దారి ఒకటి వేశాను. మన రెండిళ్ళ మధ్య తలుపు పెట్టినట్టు. అక్క రోజూ సాయంత్రం తెర మీద, మాటలు కొట్టడానికి నేను పెట్టిన నల్ల కిటికీ తెరిచి నాలుగు ముక్కలు కొట్టేది, ఇక్కడ నాకు కనిపించేవి. ఇప్పుడు ఆ ముక్కలు రావు. కానీ నా తెర మూల ఒక ఆకుపచ్చ చుక్క ఉంటుంది. మీ ఇంటి కంప్యూటరు పలుకుతున్నంతసేపూ అది వెలుగుతుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే దాన్ని చూస్తాను. నవ్వితే నవ్వుకో.

ఒక్కటే అడుగుతున్నాను. దాన్ని ఆపకు, కదపకు. లోపల డిస్కు పాతది, తిరుగుతూ ఉంటే తిరుగుతుంది గానీ ఒకసారి ఆగితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. ఆ చుక్క ఆరిపోతే నాకు ఇక్కడ ఏమీ తోచదు.

ఉంటాను,
చిన్నోడు


జనవరి 21

ఏరా చిన్నోడా,

మీ అక్క పెట్టిన పేరు, నీ నెత్తి మొత్తం నెరిసినా నేను మార్చను.

ఉత్తరం చూసి ముందు హడలిపోయాను. ఎవరైనా పోయారేమో అనుకున్నా. తర్వాత నీ కోడిగీతలు చూసి స్థిమితపడ్డా. నీ చేతిరాత ఇంత ఘోరంగా ఉంటుందని మీ అక్క ఎప్పుడూ చెప్పలేదు, కడుపులో పెట్టుకుంది పాపం.

షాపులో పని ఎప్పటిలాగే ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అద్దాలు అరగదీస్తూ కూర్చుంటాను. నిన్న ఒక పెద్దాయన కొత్త కళ్ళజోడు వెనక్కి తెచ్చాడు. దీంతో చూస్తే ఇంట్లో దుమ్మంతా కనిపిస్తోందట, పాత పవరే వెయ్యమని గొడవ. వేసిచ్చాను. హాయిగా వెళ్ళిపోయాడు.

నీ చుక్క సంగతి మాత్రం నువ్వు మనసులోంచి తీసెయ్. దాన్ని ఆరిపోకుండా చూసుకునే పూచీ నాది. ఎలా చూసుకుంటావని అడక్కు, నాకూ కొంచెం తెలివి ఉంది. మీ అక్క వెనకాల నిలబడి చూసిన వాణ్ణే కదా.

మా ఓనరు షాపు వెనక గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమంటున్నాడు. ఒక్క మనిషికి ఇంత ఇల్లు ఎందుకు అంటాడు. నిజమే, వంటింట్లో దీపం వేస్తే హాల్లో చీకటి, హాల్లో వేస్తే వంటింట్లో చీకటి, రెండూ వేసుకుంటే ఎవరి కోసమో తెలియదు. కానీ కంప్యూటరు కదపొద్దన్నావు కదా, అందుకని కుదరదని చెప్పేశాను. కింది వాటాలో టైలరమ్మ అప్పుడప్పుడూ ఒక కూర గిన్నె పంపుతుంది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని ఆవిడ కళ్ళజోడు స్క్రూలు బిగించి పెడుతున్నాను. ఇప్పుడవి ఎంత బిగుసుకున్నాయంటే ఆ జోడు చేతులు మడతపడడం లేదు.

ఒంటరిగా ఉంటావు, వేళకి తిను.

మీ బావ


ఫిబ్రవరి 10

బావా,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. ఈలోగా నాకు జ్వరం. పెద్దదేమీ కాదు, కానీ మంచం దిగి మంచినీళ్ళ దాకా వెళ్ళాలంటే పెద్ద ప్రయాణంలా ఉండేది. ఇప్పుడు తగ్గింది.

ఒక బ్యాంకువాళ్ళు పెద్ద నెట్‌వర్కు స్విచ్చి ఒకటి బయట పారేశారు. నాలుగు వరసల నిండా కన్నాలు, ప్రతి కన్నంలోనూ ఒక వైరు పెట్టి ఒక కంప్యూటరుని కలపొచ్చు. ఒక అంతస్తు ఆఫీసు మొత్తానికి సరిపోతుంది. నా దగ్గర మూడున్నాయి. ఫ్యాను అరిగిపోయి గుర్రుమంటుంటే విప్పి, వేరే ఫ్యాను టంకం పెట్టి కలిపి, దాని పాత పాస్‌వర్డు చెరిపి, మళ్ళీ మొదట్నుంచి నేర్పించాను. నా మూడు వైర్లూ దానికి పెట్టగానే మూడు దీపాలు టపటపా కొట్టుకున్నాయి. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "చూడు, చూడు" అని పక్కకి తిరిగాను. ఎవరున్నారని? బనీను ఆరేసిన కుర్చీ ఉంది. ఆ పూట ఇంక ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

అడగాలా వద్దా అనుకుంటూనే అడుగుతున్నాను. సాయంత్రాలు అక్క కంప్యూటరు ఎవరో వాడుతున్నట్టుందే? ఏం చేస్తున్నారో తెలియదు గానీ, తన పేరుతో లోపలికి వెళ్ళిన సంగతి నాకు ఇక్కడికి తెలుస్తుంది. తప్పని కాదు, ఊరికే అడిగాను.

చిన్నోడు


ఫిబ్రవరి 22

ఒరేయ్ చిన్నోడా,

తెలుస్తోందన్నమాట! నా ప్రాణం లేచొచ్చిందిరా. నేను చేస్తున్నది అసలు నీకు చేరుతోందో లేదోనని ఎన్ని రోజులుగా కొట్టుకుంటున్నానో. చేరుతోంది కదా, అంతే చాలు. ఇంక దాని గురించి మాట్లాడి నువ్వు మొహమాటపడకు, నేనూ పడను.

ఇందులో సగం పుణ్యం టైలరమ్మది. ఆ కీబోర్డు మీద అక్షరాలు ఏ మూల ఏది ఉందో నాకు జన్మలో దొరకవు. ఆవిడది మిషను మీద ఆడే చెయ్యి కదా, వేళ్ళు చురుకు. మొదట్లో అన్నీ ఆవిడే కొట్టింది, నేను పక్కన కుర్చీలో కూర్చుని చెప్పేవాణ్ణి. సాయంత్రం దుకాణం కట్టేసి పైకి వస్తుంది, పని కానిచ్చి కాసేపు కూర్చుంటుంది. ఆవిడకీ ఇంట్లో పలకరించేవాళ్ళు లేరు. మీ అక్క పాస్‌వర్డు నాకు తెలుసులే, నా దగ్గర ఏదీ దాచేది కాదు.

స్విచ్చి గురించి రాశావు. నాకు ముక్క అర్థం కాలేదు గానీ రెండుసార్లు చదివాను. జ్వరం వస్తే రాయొచ్చు కదా ముందే. తగ్గాక రాస్తే నేనేం చెయ్యను?

మీ బావ


మార్చి 5

బావా,

నువ్వు అంత సంతోషంగా రాస్తావని అనుకోలేదు. రెండు రోజులు ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను, కోపంలో రాశానని అనుకోవద్దు. కోపంలోనే రాస్తున్నాను, అది వేరే సంగతి.

ఆ కంప్యూటరు అక్క కోసం చేసింది. తెలుగులో కనిపించాలని ప్రతి అక్షరం సరిచూసి పెట్టాను. తను కూర్చున్న కుర్చీలో, తన పేరుతో, తన పాస్‌వర్డుతో ఇంకొకావిడ వచ్చి రోజూ కూర్చుంటుంటే, ఇక్కడ నా తెర మీద "అక్క లోపలికి వచ్చింది" అని పడుతుంటే నాకెలా ఉంటుందో నువ్వు ఆలోచించలేదు. మొదటిసారి అది చూసి, అక్కే అనుకుని జవాబు కొట్టబోయాను.

నీ ఇంటికి ఎవరు రావాలో, ఎవరు కూర్చోవాలో చెప్పడానికి నేనెవర్ని. అక్క ఉన్నంతకాలం నీకు బావమరిదిని. ఇప్పుడు ఏమవుతానో నాకే తెలియదు. ఆ చుట్టరికం తనతోనే పోయిందేమో. కాబట్టి నీ సంగతి నీది. అక్క పేరు మాత్రం నాది. ఇవాళ ఇక్కణ్ణుంచే పాస్‌వర్డు మార్చేశాను. ఆవిడకి కంప్యూటరు కావాలంటే ఇంకొకటి చేసి పంపుతాను, పారేసినవాటికి కొదవలేదు.

చిన్నోడు


ఏప్రిల్ 2

బావా,

జవాబు రాయలేదు. రాయవని అనుకున్నాను, అయినా పోస్టుడబ్బా మూత రోజూ తీసి చూస్తున్నాను. కరెంటు బిల్లు తప్ప ఏమీ లేదు.

ఉత్తరం రాయకపోయినా నువ్వు క్షేమమని నాకు తెలుస్తూనే ఉంది. చుక్క వెలుగుతోంది. అది వెలుగుతోందంటే ఇంట్లో కరెంటు ఉందని, నువ్వున్నావని, నా మీద ఎంత కోపమొచ్చినా దాన్ని ఆపలేదని. ఆ ఒక్కదానితోనే సరిపెట్టుకుంటున్నాను.

పాస్‌వర్డు మార్చినందుకు నేను అనుకున్నంత తృప్తి కలగలేదు. ఇప్పుడు సాయంత్రాలు తెర మీద ఏమీ పడదు. "అక్క లోపలికి వచ్చింది" అన్న ముక్క అబద్ధమని తెలిసీ దానికి అలవాటు పడ్డట్టున్నాను. మొన్నొక లిఫ్టులో పని చేస్తూ, తలుపులు మూసుకున్నాక, కావాలనే కాసేపు లోపలే కూర్చున్నాను. ఎవరైనా బయట బటను నొక్కి "లోపల ఎవరున్నారు" అంటారేమోనని. అందరూ మెట్లెక్కి వెళ్ళిపోయారు.

కోపమున్నా సరే, తిట్టి అయినా ఒక ముక్క రాయి.

చిన్నోడు


మే 3

చిన్నోడా,

నీ ఏప్రిల్ ఉత్తరం టైలరమ్మ తెచ్చిచ్చింది. నేను ఇప్పుడు ఆ ఇంట్లో లేను. షాపు వెనక గదికి వచ్చేసి నెల దాటింది. చిన్న గది, చెయ్యి చాపితే అన్నీ అందుతాయి, ఆ మాటకొస్తే ఇదే నయం. కంప్యూటరు మాత్రం ఆ ఇంట్లోనే ఉంది. వాటా ఖాళీ చేశాక దాన్ని కింద టైలరమ్మ ఇంట్లో పెట్టిద్దామంటే, కదపొద్దన్నావు కదా. ఇంటాయన్ని బతిమాలుకుని, కొత్తవాళ్ళు వచ్చేదాకా ఆ గదిలో ఒక్కటే వదిలి తాళం వేశాను. కరెంటూ నెట్టూ తియ్యలేదు. కాబట్టి నువ్వు చూస్తున్న చుక్కకీ నా క్షేమానికీ సంబంధం లేదు. మధ్యలో వారం రోజులు నడుం పట్టేసి లేవలేకపోయాను, అప్పుడూ నీ చుక్క వెలిగే ఉంటుంది.

రాయకూడదనుకున్నాను. టైలరమ్మ ఊరుకోలేదు. "ఆ అబ్బాయి నన్నేదో అనుకున్నాడు, నా గురించి కాకపోయినా మీ గురించి చెప్పండి" అంది. ఆవిడకి పెద్దగా చదివి వినిపించాల్సి వచ్చింది నువ్వు రాసింది. ఆ చుట్టరికం ముక్క మాత్రం చదవకుండా దాటేశాను.

జనవరిలో నువ్వు రాసింది నేను ఎలా అర్థం చేసుకున్నానో విను. కంప్యూటరు పలుకుతున్నంతసేపూ చుక్క ఉంటుంది, లేకపోతే ఆరిపోతుంది అన్నావు. ఆన్‌లో ఉంచితే సరిపోతుందని నాకేం తెలుసు? ఎవరో ఒకరు కూర్చుని దాన్ని పలికించాలి కాబోలు అనుకున్నా. మీ అక్క రోజూ సాయంత్రం కూర్చునేది కదా, తను లేదు కాబట్టి ఆ పని నా మీద పడిందనుకున్నా. షాపు నుంచి రాగానే, కాళ్ళు కడుక్కోకుండా, ముందు అక్కడే కూర్చునేవాణ్ణి. ఒక్క పూట తప్పినా నువ్వక్కడ ఒక్కడివే చుక్క లేకుండా కూర్చుంటావని భయం. అందుకే గది మారలేదు, అందుకే ఓనరుకి కుదరదన్నాను.

ఆ నల్ల కిటికీ తెరిచి, మీ అక్క కొట్టినట్టే కొట్టేవాణ్ణి. రోజూ ఒకటే. "చిన్నోడా తిన్నావా". ఇంకేం అడగాలో నాకు తెలియదు. కొట్టగానే జవాబు వచ్చేది. "చిన్నోడా: ఆదేశం కనబడలేదు." రోజూ అదే. మొదట్లో అది నీ మాటో కాదో తేల్చుకోలేకపోయాను, ఇక్కడికి తెలుస్తోందని నువ్వు రాశాక నువ్వే అలా కొడుతున్నావని ఖాయం చేసుకున్నా. టైలరమ్మ "ఇదేం జవాబండీ" అంటే, "వాడంతే, పనిలో ఉంటే ముభావంగా మాట్లాడతాడు, జవాబిచ్చాడు కదా" అని నేను నిన్నే వెనకేసుకొచ్చాను. జ్వరమన్నప్పుడు "చిన్నోడా జ్వరం తగ్గిందా" అని అడిగాను. దానికీ అదే జవాబు. కాస్త బాధేసిన మాట నిజం.

తర్వాత ఒక రోజు కూర్చుంటే లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డు తప్పంది. నా వేళ్ళదే తప్పేమో అని ఆవిడ చేత కొట్టించాను. మళ్ళీ తప్పంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నాలుగు రోజులకి నీ ఉత్తరం వచ్చింది. నువ్వే మార్చావని, చుట్టరికం పోయిందేమోనని. సరే, చుక్క అక్కర్లేదంటున్నాడు, మనం ఇక ఎవరి కోసం ఈ ఇంట్లో ఉండాలి అనుకున్నా. వచ్చేశాను.

నాకు కోపం ఉంది. దాచను. కానీ నిన్ను పట్టుకుని వేలాడను. నీకు నేను ఏమీ కాననిపిస్తే అది నీ ఇష్టం, నీ తప్పు కూడా కాదు. మధ్య మనిషి పోతే అటుపక్కా ఇటుపక్కా ఉన్నవాళ్ళు విడిపోవడం లోకంలో ఉన్నదే. ఇంటాయనకి కొత్త వాటావాళ్ళు దొరికారట, ఈ నెలాఖరుకి వస్తారు. కంప్యూటరు ఏం చెయ్యాలో ఒక్క ముక్క రాయి. అది రాశాక ఇంక రాయకపోయినా నేనేమీ అనుకోను.

మీ బావ


మే 9

బావా,

నీ ఉత్తరం పనిలో ఉండగా చదివాను, లిఫ్టు గుంతలో, టార్చి వెలుగులో. పైనుంచి వాచ్‌మన్ "ఏమైందండీ" అని అరిచాడు. ఏమీ కాలేదన్నాను.

ముందు తప్పు ఎక్కడ జరిగిందో చెప్తాను, లేకపోతే నాకు నిద్ర పట్టదు. అక్క కోసం నేనొక చిన్న ప్రోగ్రాం రాసిచ్చాను. తను ముందు "కబురు" అని కొట్టి, ఆ తర్వాత చెప్పదలుచుకున్నది కొట్టేది. ఆ మొదటి పదం ఉంటేనే మాట నా దాకా వస్తుంది. లేకపోతే ఆ కిటికీ, కొట్టిన మొదటి పదాన్నే ఏదో పని చెయ్యమన్న ఆదేశం అనుకుని, అలాంటిది నాకు తెలియదు అంటుంది. నీకు వచ్చిన జవాబు నాది కాదు బావా. అది కంప్యూటరుది. ఆ జవాబు తెలుగులో రావాలని కూర్చుని సరిచేసింది మాత్రం నేనే. ఇంగ్లీషులో వచ్చి ఉంటే, ఇది చిన్నోడి మాట కాదని నువ్వు మొదటి రోజే పోల్చుకునేవాడివి.

ఇంటికొచ్చి ఆ కంప్యూటర్లోకి వెళ్ళి చూశాను. నువ్వు కొట్టినవన్నీ ఉన్నాయి. ఒకదాని కింద ఒకటి, అదే ప్రశ్న. అక్షరాలు తప్పినవి, మళ్ళీ దిద్ది కొట్టినవి. ఒకసారి "చిన్నోడా" దగ్గరే ఆపేసినట్టుంది, ఆ రోజు టైలరమ్మ రాలేదేమో. ఆవిడకి నేను వేరే ఉత్తరం రాస్తున్నాను. క్షమించమని ఎలా అడగాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

నీకు అడగడానికి ఇంకేం తెలియదన్నావు. నన్ను ఇంకెవరూ ఆ ఒక్కటి కూడా అడగలేదు బావా. నేనేమో చుక్కని చూస్తూ నువ్వు బాగున్నావనుకున్నాను. నడుం పట్టేసి నువ్వు పడుకున్న వారం కూడా దాన్ని చూసి హాయిగా లైటార్పి పడుకుని ఉంటాను. అది తల్చుకుంటే ఒళ్ళు మండుతోంది, నా మీదే.

చుట్టరికం పోయిందని రాసింది నేను. ఆ వాక్యం కొట్టేస్తున్నాను. నీ దగ్గరున్న ఉత్తరంలో నువ్వే కొట్టెయ్, అడ్డంగా గీత పెట్టి, పెన్ను గట్టిగా నొక్కి.

కంప్యూటరు ఏం చెయ్యాలని అడిగావు. ప్లగ్గు పీకెయ్. డిస్కు లేస్తే లేస్తుంది, లేకపోతే లేదు. దానికోసం ఎవరూ ఎక్కడా ఉండక్కర్లేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. తినలేదు బావా. నువ్వు అడిగిన రోజుల్లో చాలా రోజులు తినలేదు. ఒక్కడికి పొయ్యి వెలిగించడం ఎందుకని బల్ల దగ్గర నిలబడే ఏదో ఒకటి నోట్లో వేసుకుని పడుకున్నాను. ఇవాళ కూడా ఇంకా తినలేదు. శుక్రవారం పని కాగానే బండి ఎక్కుతున్నాను, నువ్వు రమ్మనలేదని తెలుసు. చిన్న గది అన్నావు, పడుకోవడానికి చోటు లేకపోతే షాపులో పడుకుంటాను. నువ్వు మాత్రం ఇద్దరికి సరిపడా వండు.

నీ బావమరిది